మార్ఫిన్ మొదలుపెట్టాక వాంతులు, కళ్లు తిరగడం: మాత్ర మానేసే ముందు చూసుకోవలసినవి

అమ్మా, మీరు రాసినది జాగ్రత్తగా చదివాను. నాన్నగారికి 68 ఏళ్లు, ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. ట్రమడాల్‌తో నొప్పి ఆగకపోవడంతో గత వారం మార్ఫిన్ మొదలుపెట్టారు. 10 మిల్లీగ్రాముల మాత్ర ఉదయం 6 గంటలకు, 10కి, మధ్యాహ్నం 2కి, సాయంత్రం 6కి ఒక్కొక్కటి, రాత్రి 10కి రెండు. నొప్పి బాగా తగ్గి హాయిగా నిద్రపోయారు. కానీ మర్నాటి నుంచే వికారం, రోజుకు మూడు నాలుగు వాంతులు, లేచి నిలబడితే కళ్లు తిరగడం. నిన్న బాత్రూములో తూలి గోడ పట్టుకున్నారు. ఇప్పుడు ఆయనే ‘ఈ మందు నాకు పడదు’ అంటున్నారు, బాబాయిగారు కూడా ఆపేయమంటున్నారు. ఏం చేయాలని అడిగారు.

మీ అంతట మీరు మార్ఫిన్ ఆపకండి. అలాగని వాంతులు భరించమనీ చెప్పను. ఈ రెండింటికీ మధ్య చేయగలిగినది చాలా ఉంది, అందులో ఎక్కువ భాగం ఈ రోజే మొదలుపెట్టవచ్చు. నేను హైదరాబాద్‌లో పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సేవ) నర్సుని. ఇళ్లకు వెళ్లి మంచాన ఉన్న రోగులను చూసే బృందంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మార్ఫిన్ మానేసిన కుటుంబాలను అడిగితే కారణంగా ఎక్కువగా చెప్పేది మీరు చెప్పినదే: వాంతులు, తల తిరుగుడు. మానేసిన మూడో రోజుకు నొప్పి మళ్లీ మొదటికి వస్తుంది, రోగి కేకలు పెడుతుంటే అర్ధరాత్రి ఫోను చేస్తారు. అది మీ ఇంట్లో జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. మోతాదులు మార్చవలసింది మాత్రం మీ డాక్టరుగారే. ఆయనకు ఏం చెప్పాలో, ఏం అడగాలో మీకు తెలియాలి.

ఇంకేమీ చదవకముందు కొన్ని విషయాలు చూడండి. గట్టిగా తట్టి పిలిచినా నాన్నగారు కళ్లు తెరవకపోయినా, ఊపిరి నిమిషానికి 8 సార్ల కన్నా తక్కువ తీసుకుంటున్నా, ఆగి ఆగి గురకలా వస్తున్నా తర్వాతి మాత్ర వేయకుండా 108కి ఫోను చేయండి. వాంతిలో రక్తం గాని, కాఫీ పొడి లాంటి నల్లటి పదార్థం గాని ఉన్నా, పొట్ట ఉబ్బి గాలి కూడా పోకపోయినా, ఒక రోజంతా గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, పడినప్పుడు తలకు దెబ్బ తగిలినా ఇంట్లో కూర్చుని చూడవలసినవి కావు, ఆస్పత్రికి తీసుకెళ్లండి. కంటిపాప చిన్నగా సూదిమొన లాగా ఉందని కంగారుపడకండి. మార్ఫిన్ వాడేవారందరికీ అలాగే ఉంటుంది, అదొక్కటే ప్రమాద సూచన కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాట ‘తూలారు’. తూలడం తల వల్లా, కాళ్ల వల్లా? ఎముకలకు పాకిన క్యాన్సర్‌లో వెన్నుపూస దెబ్బతిని వెన్నుపాము మీద ఒత్తిడి పడవచ్చు. అప్పుడు కాళ్లు పట్టు తప్పుతాయి, నడుము కింద తిమ్మిరిగా ఉంటుంది, మూత్రం ఆగిపోతుంది లేదా తెలియకుండానే పడిపోతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని కూడా ‘కళ్లు తిరుగుతున్నాయి’ అనే అనుకుంటారు, నెపం మార్ఫిన్ మీద పడుతుంది. ఇప్పుడే వెళ్లి నాన్నగారిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కో కాలు మోకాలు వంచకుండా పైకి ఎత్తమనండి. మీ అరచేతిని పాదానికి ఆనించి నెట్టమనండి. రెండు కాళ్లలోనూ నిన్నటి బలం ఉందా, తాకితే రెండు వైపులా ఒకేలా తెలుస్తోందా చూడండి. ఏ కొంచెం తేడా ఉన్నా, వెన్నులో కొత్త చోట నొప్పి మొదలైనా ఈ రోజే క్యాన్సర్ డాక్టరుకు చూపించాలి. వెన్నుపాము విషయంలో ఒక్క రోజు ఆలస్యమైనా పోయిన నడక తిరిగి రాకపోవచ్చు. కాళ్లు బాగానే ఉంటే ఇక నిదానంగా మిగతాది మాట్లాడుకుందాం.

వాంతి వచ్చినంత మాత్రాన మందు పడలేదని కాదు. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం ఉంటే అది పడకపోవడం. వికారం మార్ఫిన్ చేసే పనుల్లోనే ఒకటి. మెదడు అడుగు భాగంలో రక్తంలోని విషాలను పసిగట్టి వాంతి పుట్టించే ఒక చోటు ఉంది, మార్ఫిన్ దాన్ని తట్టి లేపుతుంది. చెవి లోపల ఒంటి సమతూకాన్ని చూసుకునే భాగాన్ని కూడా అది సున్నితం చేస్తుంది, అందుకే కదిలితే వికారం. పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, అందుకే రెండు ముద్దలకే నిండిపోయినట్టు ఉంటుంది. పేగుల కదలికను మందగింపజేస్తుంది, దాంతో మలబద్ధకం. వికారం, వాంతులు సాధారణంగా 5 నుంచి 7 రోజుల్లో శరీరానికి అలవాటై తగ్గిపోతాయి. మగత కూడా అంతే. మలబద్ధకం మాత్రం ఎన్నాళ్లయినా అలవాటు కాదు. అంటే మీరు దాటవలసింది మొదటి వారం. ఆ వారానికి వాంతుల మందు తోడుగా ఉండాలి. మీ చీటీలో అది లేదని నాకు అనిపిస్తోంది. లేకపోతే ఈ రోజే ఫోను చేసి అడగండి, మొహమాటపడకండి.

అడిగేటప్పుడు ‘వాంతులవుతున్నాయి’ అని ఊరుకుంటే డాక్టరుకు సగమే తెలుస్తుంది. ఎప్పుడు, ఎలా అవుతున్నాయో చెప్పాలి. మేము వెళ్లే ఇళ్లలో పిల్లల పాత నోటుబుక్కు ఒకటి మంచం పక్కన పెట్టిస్తాం. మాత్ర వేసిన సమయం, వాంతి అయిన సమయం, ఎంత వచ్చింది, అప్పుడు ఏం చేస్తున్నారు, విరేచనం అయిందా, అంతే. ఒక ఇంట్లో ఆ కాగితం చూడగానే విషయం బోధపడింది. వాంతి అని రాసిన ప్రతి వరుసలోనూ పక్కన ‘స్నానానికి లేపాం’, ‘పక్క మార్చాం’, ‘ఆటోలో ఆస్పత్రికి’ అని ఉంది. కదలకుండా పడుకున్న గంటల్లో ఒక్క వాంతీ లేదు. ఆ పెద్దాయనకు అంతవరకు ఇస్తున్నది అలాంటి వికారానికి పెద్దగా పనిచేసే మందు కాదు. ప్రయాణపు వాంతులకు ఇచ్చే రకం మందు మార్చాక ఆయన కూర్చుని మనవరాలితో మాట్లాడగలిగారు.

నోటుబుక్కులో ఇలాంటి తేడాలు చూడండి. రోజంతా వికారం, వాంతి అయినా హాయి లేకపోవడం, మాత్ర వేసిన గంటకు ఎక్కువ కావడం ఉంటే అది మెదడులోని ఆ చోటు పని. దీనికి మేము ఎక్కువగా చూసేది హాలోపెరిడాల్, చాలా తక్కువ మోతాదులో, రాత్రి పూట అర మిల్లీగ్రాము నుంచి ఒకటిన్నర వరకు. ఈ చీటీ తీసుకుని మందుల దుకాణానికి వెళితే ‘ఇది మానసిక రోగులకు ఇచ్చేది కదా’ అంటారు, మీరు భయపడి వెనక్కి వస్తారు. ఆ జబ్బులకు ఇచ్చే మోతాదు వేరు, ఇది వేరు. ఇంత చిన్న మోతాదులో అది వాంతి మందే. తిన్న కాసేపటికి పెద్ద వాంతి, తిన్నది తిన్నట్టే రావడం, వచ్చాక తేలికపడటం, త్రేన్పులు, ఎక్కిళ్లు ఉంటే పొట్ట ఖాళీ కావడం లేదని అర్థం. దానికి మెటోక్లోప్రమైడ్ లేదా డోంపెరిడోన్ 10 మిల్లీగ్రాములు భోజనానికి అరగంట ముందు ఇస్తారు. కదిలితేనే వస్తే పైన చెప్పినట్టు ప్రయాణపు వాంతుల మందుల్లో ఒకటి. అయితే ఆ రకం మందుల్లో చాలావాటికి మగత, నోరు ఎండిపోవడం, పెద్దవాళ్లలో మూత్రం ఆగడం ఉంటాయి. ప్రోస్టేట్ జబ్బు ఉన్న మనిషి కాబట్టి మీ నాన్నగారి విషయంలో దీన్ని ఆచితూచి ఎంచుకోవాలి, డాక్టరుకు గుర్తుచేయండి.

అందరికీ తెలిసిన పేరు ఒండాన్‌సెట్రాన్. కీమోథెరపీ వాంతులకు అది చాలా మంచి మందు. మార్ఫిన్‌తో వచ్చే వాంతులకూ ఇస్తారు, పనిచేస్తుంది కూడా. కానీ అది మలబద్ధకాన్ని పెంచుతుంది, మార్ఫిన్ ఇప్పటికే ఆ పని చేస్తోంది. అందుకే దుకాణంలో అడిగి తెచ్చుకుని రోజూ వేయడం నాకు ఇష్టం ఉండదు. ఇంకొక సంగతి: ఒండాన్‌సెట్రాన్, డోంపెరిడోన్, హాలోపెరిడాల్ మూడూ గుండె లయను మార్చగలవు. ఒకటి పనిచేయలేదని రెండోది, మూడోది మీరే కలిపి వేయకండి. నాన్నగారికి గుండె జబ్బు ఉంటే ముందే చెప్పండి. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బు ఉంటే హాలోపెరిడాల్, మెటోక్లోప్రమైడ్ వాడరు. ఈ రెండింటిలో ఏది వాడుతున్నా కాలు నిలవనివ్వని ఆత్రం, దవడ ఒక పక్కకు లాగడం, మెడ బిగుసుకోవడం కనిపిస్తే ఆపి వెంటనే ఫోను చేయాలి.

వాంతుల మందును వాంతి అయ్యాక వేయడం అందరూ చేసే పని. అప్పటికి అది కడుపులో నిలవదు. మొదటి వారం దాన్ని వేళకు వేయాలి, వికారం ఉన్నా లేకపోయినా. వారం తర్వాత మెల్లగా మానేసి చూడవచ్చు. మార్ఫిన్ మాత్ర వేసిన అరగంటలోపు వాంతి అయి, అందులో మాత్ర కనిపిస్తే సాధారణంగా ఇంకొకటి వేయమంటాం. అరగంట దాటితే మళ్లీ వేయవద్దు, తర్వాతి వేళ వరకు ఆగాలి. ఈ సూచన మీ డాక్టరు చేత కూడా ఒకసారి చెప్పించుకోండి. మార్ఫిన్‌ను పరగడుపున వేస్తే తిప్పుతోందంటే రెండు బిస్కెట్లు, పావు గ్లాసు పాలు తీసుకుని వేసుకోవచ్చు. ఆహారంతో దాని పని చెడదు. నాన్నగారికి ఇచ్చినది 4 గంటలకొకసారి వేసే మామూలు మాత్ర. ముందు ముందు 12 గంటలకొకసారి వేసే మాత్రకు మారిస్తే దాన్ని విరవకూడదు, నూరకూడదు. నూరితే 12 గంటల మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళుతుంది.

ఇక విరేచనం. ఇది నేను ప్రతి ఇంట్లో మొట్టమొదట అడిగే ప్రశ్న, మీరు మీ ప్రశ్నలో అసలు ప్రస్తావించలేదు. నాన్నగారికి చివరిసారి సరిగ్గా ఎప్పుడయింది? మూడు రోజులు దాటి ఉంటే వాంతులకు అదే కారణం కావచ్చు, ఎన్ని వాంతి మందులు వేసినా ఆగవు. ఇంట్లో మగవాళ్లు కూతురితో ఈ మాట చెప్పరు. సిగ్గుపడతారు. అమ్మగారి చేత గాని, తమ్ముడి చేత గాని అడిగించండి. ‘తింటేనే కదా’ అంటే ఒప్పుకోకండి, తినకపోయినా పేగులో మలం తయారవుతూనే ఉంటుంది. కొంచెం కొంచెంగా నీళ్లలా పోతోందంటే దాన్ని విరేచనాలనుకుని ఆపే మందు వేస్తారు. గట్టిపడిన మలం అడ్డుపడితే దాని పక్కనుంచి కారే నీరు కూడా అలాగే ఉంటుంది. అప్పుడు ఆపే మందు వేస్తే పరిస్థితి మరింత బిగుస్తుంది.

మార్ఫిన్ మొదలైన రోజే బిసకోడిల్ గాని సెన్నా గాని రాత్రి పూట మొదలుపెట్టాలి. అవి పేగును కదిలిస్తాయి. మలం మరీ గట్టిగా ఉంటే దానికి తోడు లాక్టులోజ్ సిరప్ ఇస్తారు. ఇసబ్‌గోల్ మాత్రం వద్దు. అది బాగా నీళ్లు తాగి తిరిగేవాళ్లకు పనికొస్తుంది. మంచాన ఉండి రెండు గ్లాసుల నీళ్లు కూడా తాగలేని మనిషికి పొట్టలో ముద్దకట్టి అడ్డుపడుతుంది. ఇప్పటికే నాలుగైదు రోజులు కాకుండా ఉంటే నోటి మందు మాత్రమే సరిపోదు, నర్సు వచ్చి చూసి మలద్వారం ద్వారా మందు పెట్టవలసి రావచ్చు. పొట్ట ఉబ్బి, మెలిపెట్టే నొప్పి ఉంటే ఏ విరేచనం మందూ, మెటోక్లోప్రమైడూ వేయకుండా ముందు డాక్టరుకు చూపించాలి. పేగుకు అడ్డం ఉంటే అవి హాని చేస్తాయి.

తిండి గురించి పెద్దగా శాస్త్రం లేదు గాని గమనిక చాలా ఉంది. వికారం ఉన్నవాళ్లకు పోపు వాసన శత్రువు. వేడి నూనెలో ఆవాలు, ఇంగువ వేసినప్పుడు పక్క గదిలో ఉన్న మనిషి ముఖం ఎలా మారుతుందో ఒకసారి చూడండి. వంట అయిపోయి వాసన తగ్గాక తినిపించండి, వేడివేడిగా పెట్టకండి. గోరువెచ్చగా గాని చల్లగా గాని ఉంటే వాసన తక్కువ వేస్తుంది. పలచని పెరుగన్నం, రాగి జావ, ఇడ్లీ ఒకటి, పండ్ల ముక్కలు, రెండు గంటలకొకసారి నాలుగు చెంచాలు చాలు. పళ్లెం నిండా వడ్డించి ఎదుట కూర్చుని ‘ఇంకొక్క ముద్ద’ అని బతిమాలడం మానండి. అది ప్రేమే, కానీ ఆ ముద్దతోనే వాంతి వస్తుంది. తిన్నాక అరగంట సేపు వీపుకు దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి. మార్ఫిన్‌తో నోరు ఎండిపోతుంది, ఎండిన నోటితో కూడా వికారం పెరుగుతుంది, నాలుక మీద తెల్లటి పూత ఉంటే మరీనూ. రోజుకు నాలుగుసార్లు ఉప్పు నీళ్లతో పుక్కిలించమనండి. అల్లం, నిమ్మకాయ, ఉసిరి ముక్క నోటికి హితవుగా ఉంటే ఇవ్వండి. అవి మందుకు బదులు కావు.

ఇప్పుడు కళ్లు తిరగడం. దీని వల్ల వచ్చే ముప్పు పడిపోవడం. మీ నాన్నగారి ఎముకలకు క్యాన్సర్ పాకింది. మామూలు మనిషికి బెణుకుతో పోయే దెబ్బకు ఆయన తుంటి విరగవచ్చు. కాబట్టి వాంతి కన్నా నాకు దీని గురించే ఎక్కువ ఆదుర్దాగా ఉంది.

లేచినప్పుడే కళ్లు బైర్లు కమ్ముతున్నాయా, పడుకుని ఉన్నా గది గిర్రున తిరుగుతోందా, లేక ఒట్టి మగతేనా అని అడగండి. లేచినప్పుడు మాత్రమే అయితే రక్తపోటు పడిపోతోందని అనుమానించాలి. ఇంట్లో బి.పి. మిషన్ ఉంటే ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకటి నుంచి మూడు నిమిషాల లోపు ఇంకోసారి చూడండి, నిలబెట్టినప్పుడు ఒకరు పట్టుకుని ఉండాలి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే ఆ అంకెలు రాసి డాక్టరుకు చెప్పండి. మార్ఫిన్ రక్తనాళాలను వదులు చేస్తుంది. వాంతులతో ఒంట్లో నీరు, ఉప్పు పోయాయి. ఈ రెండింటి మీద నాన్నగారు ఇంకా ఏవేం వేసుకుంటున్నారో మందుల డబ్బా మంచం మీద బోర్లించి చూడండి. మూత్రం సాఫీగా రావడానికి ఇచ్చే టామ్సులోసిన్ లేచినప్పుడు బి.పి. పడేస్తుంది. ప్రోస్టేట్ రోగుల్లో ఎక్కువ మంది దాన్ని వాడుతుంటారు. ఏళ్ల తరబడి వేసుకుంటున్న బి.పి. మాత్ర, బరువు తగ్గి తిండి తగ్గిన ఈ ఒంటికి ఎక్కువ కావచ్చు. షుగరు మాత్ర, ముఖ్యంగా గ్లిమెపిరైడ్, తినకుండా వేస్తే షుగరు పడిపోయి చెమటలు, వణుకు, మగత వస్తాయి. దాన్ని మార్ఫిన్ మగత అనుకుని ఊరుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. గ్లూకోమీటరుతో ఒకసారి చూడండి. నిద్ర మాత్రలు, ఆల్ప్రజోలామ్ లాంటివి, మద్యం మార్ఫిన్‌తో కలవకూడదు.

ఆ డబ్బాలోనే ఇంకొకటి వెతకండి. పాత ట్రమడాల్ మాత్రలు ఇంకా వేస్తున్నారా? పారాసెటమాల్‌తో కలిసి వేరే పేరుతో వచ్చే మాత్రలో కూడా ట్రమడాల్ ఉంటుంది, అట్ట వెనక చిన్న అక్షరాలు చదవాలి. మార్ఫిన్ మొదలుపెట్టినప్పుడు మామూలుగా ట్రమడాల్ ఆపిస్తారు. ఆ మాట చీటీలో లేకపోతే ఇంట్లో రెండూ నడుస్తుంటాయి. ట్రమడాల్ తానే బాగా వికారం, తల తిరుగుడు తెచ్చే మందు.

లేవడానికి ఒక పద్ధతి నేర్పండి. ముందు పడుకునే పాదాలను పది సార్లు పైకీ కిందికీ ఆడించాలి. పక్కకు తిరిగి, మోచేతి మీద లేచి, మంచం అంచున కాళ్లు నేలకు ఆనించి రెండు నిమిషాలు కూర్చోవాలి. అప్పుడు ఒకరి చేయి పట్టుకుని నిలబడాలి, నిలబడ్డాక ఒక్క నిమిషం అడుగు వేయకూడదు. కళ్లు బైర్లు కమ్మితే మళ్లీ కూర్చోవాలి. బాత్రూములో మరీ వేడి నీళ్లతో స్నానం చేయించకండి, వేడికి బి.పి. ఇంకా పడుతుంది. ప్లాస్టిక్ స్టూలు వేసి కూర్చోబెట్టి పోయండి. లోపల గడియ పెట్టుకోనివ్వకండి. నేల మీద కూర్చునే మరుగుదొడ్డి అయితే గొంతుకూర్చుని ముక్కి లేవడంలోనే చాలామంది పడతారు. మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీ మందుల దుకాణాల్లో దొరుకుతుంది. అద్దెకు తెచ్చినా సరే, తెండి.

రాత్రి సంగతి విడిగా చెప్పాలి. తెల్లవారుజామున 2 గంటల మాత్రకు లేపకుండా నిద్ర పోనివ్వడానికే 10 గంటలకు రెండు మాత్రలు ఇస్తారు. ఆ పద్ధతి మంచిదే. కానీ ఆ తర్వాతి గంటల్లో మగత, తల తిరుగుడు ఎక్కువగా ఉంటాయి, ప్రోస్టేట్ మనిషికి మూత్రం వచ్చేది కూడా అప్పుడే. చీకట్లో, ఎవరినీ లేపడం ఇష్టం లేక, ఒంటరిగా లేచి వెళతారు. పడటం అప్పుడే జరుగుతుంది. మంచం పక్కనే మూత్రం సీసా పెట్టండి, గదిలో చిన్న దీపం వెలగనివ్వండి, పిలవడానికి చేతికి అందేలా ఒక గంట గాని గిన్నె, చెంచా గాని ఉంచండి. మగత మరీ ఎక్కువగా ఉంటే రాత్రి మోతాదు తగ్గించవచ్చా అని డాక్టరును అడగండి.

మార్ఫిన్ తప్పేమీ లేకుండా కూడా వాంతులు అవుతాయి. వారం దాటినా తగ్గకపోతే, తగ్గి మళ్లీ మొదలైతే రక్త పరీక్షలు కావాలి. అన్నిటికన్నా ముందు కిడ్నీల పని ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్. ప్రోస్టేట్ క్యాన్సర్ మూత్రనాళాలను నొక్కి కిడ్నీలను దెబ్బతీయవచ్చు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు నెలల తరబడి వాడినా అంతే. కిడ్నీ పని తగ్గితే మార్ఫిన్ నుంచి పుట్టే పదార్థాలు బయటికి పోక ఒంట్లో పేరుకుపోతాయి. అప్పుడు వాంతులతో పాటు ఎక్కువ మగత, చేతులు కాళ్లు ఉలిక్కిపడినట్టు ఎగరడం, గోడ మీద పురుగులు పాకుతున్నాయనడం మొదలవుతాయి. ఇవి కనిపిస్తే అదే రోజు ఫోను చేయాలి. సోడియం, షుగరు కూడా చూస్తారు. కాల్షియం పెరగడం వల్లా వాంతులు, దాహం, మలబద్ధకం, అయోమయం వస్తాయి. ప్రోస్టేట్‌లో అది అరుదు గాని, రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లు, మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ ఉన్నవాళ్ల ఇంట్లోవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఆ పరీక్ష తప్పక అడగండి. పొద్దున్నే తలనొప్పితో చిమ్మినట్టు వాంతి అయితే మెదడును చూడాలి.

ఇవన్నీ సరిచేశాక కూడా వాంతులు ఆగకపోతే దారులున్నాయి. నొప్పి పూర్తిగా అదుపులో ఉంటే మోతాదు తగ్గిస్తారు. ఆయన వయసుకు సగం మాత్రతో సరిపోవచ్చు. లేదా మందునే మారుస్తారు, ఒకదానితో వాంతులయ్యే మనిషికి మరొకటి చక్కగా సరిపోవడం మేము తరచూ చూస్తాం. నోటితో ఏదీ నిలవకపోతే ఫెంటానిల్ పట్టీ ఉంది, చర్మం మీద అతికిస్తే 3 రోజులు పనిచేస్తుంది. అతికించాక పూర్తి పని మొదలవడానికి 12 గంటలకు పైగా పడుతుంది కాబట్టి ఈలోగా ఏం వేయాలో అడగండి. ఆ పట్టీ మీద వేడి నీళ్ల సంచి పెట్టకూడదు, ఎక్కువ జ్వరం వచ్చినా చెప్పాలి. వేడికి మందు ఒక్కసారిగా ఎక్కుతుంది. వాంతులు మరీ తీవ్రంగా ఉన్న రెండు మూడు రోజులు చర్మం కింద సన్నని సూది పెట్టి మార్ఫిన్, వాంతి మందు రెండూ ఇంట్లోనే ఇవ్వవచ్చు.

బాబాయిగారికి నా మాటగా ఇది చెప్పండి: వారం రోజులుగా వేళకు వేస్తున్న మార్ఫిన్‌ను ఒక్కసారిగా ఆపితే నొప్పి తిరిగి రావడమే కాదు, చెమటలు, నీళ్ల విరేచనాలు, నిద్రలేమి కూడా రావచ్చు. అది వ్యసనం కాదు, ఏ శరీరమైనా అలాగే చేస్తుంది. నొప్పి కోసం, డాక్టరు చెప్పిన లెక్కలో వాడే క్యాన్సర్ రోగి మందుకు బానిస కావడం అరుదు. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల మార్ఫిన్ అంటే దేశమంతా భయం పాతుకుపోయింది. 2014లో ఆ చట్టాన్ని సవరించి గుర్తింపు పొందిన ఆస్పత్రులు దాన్ని సులువుగా ఉంచుకునేలా చేశారు. మీరు ఖమ్మం వైపు అని రాశారు. తెలంగాణలో జిల్లా ఆస్పత్రుల పాలియేటివ్ కేర్ కేంద్రాలు, ఇంటికి వచ్చే ‘ఆలన’ వాహనాలు ఉన్నాయి. జిల్లా ఆస్పత్రిలో అడిగి మీ ఊరికి వాహనం వచ్చే రోజు తెలుసుకోండి. వాంతి మందు మార్చడం, మలం చూడటం, సూది పెట్టడం అన్నీ వాళ్లు ఇంటి దగ్గరే చేయగలరు.

ఈ సాయంత్రం డాక్టరుకు ఫోను చేసేటప్పుడు మీ చేతిలో ఉండవలసినవి: వాంతులు ఎన్ని, ఏ వేళల్లో, కదిలితేనా తిన్నాకా, చివరి విరేచనం ఏ రోజు, పడుకున్నప్పుడు, నిలబడ్డప్పుడు బి.పి.; షుగరు; రోజుకు ఎన్నిసార్లు మూత్రం; డబ్బాలోని మందులన్నిటి పేర్లు; చివరి క్రియాటినిన్ ఎంత, ఏ తేదీది. వాంతి మందు, విరేచనం మందు రెండూ అడగండి. బి.పి. మాత్ర, టామ్సులోసిన్, షుగరు మాత్ర ఈ వారం ఎలా వేయాలో అడగండి. ఆయన ఏం చెప్పారో, రెండు రోజుల తర్వాత నాన్నగారు ఎలా ఉన్నారో ఇక్కడే రాయండి, చూస్తుంటాను.